క్లైంబింగ్ కోర్సుల్లో ఏ మెట్టు మీద ఏం నేర్పాలి, ఏం నేర్పకపోతే అడగాలి

గైడ్ వెంట కొండ ఎక్కడం ఒకటి, గైడ్ దగ్గర కొండ ఎక్కడం నేర్చుకోవడం ఇంకొకటి. మొదటిదాంట్లో తాడు కట్టేది, దారి ఎంచేది, ఎప్పుడు వెనక్కి తిరగాలో తేల్చేది అంతా గైడే. చెప్పినచోట కాలు పెడుతూ మీరు పైకి చేరతారు. రెండోదాంట్లో మీరు కడతారు, గైడ్ చూస్తారు, విప్పించి మళ్లీ కట్టిస్తారు. "ఎక్కింది తక్కువ, ముడులేసింది ఎక్కువ" అని సాయంత్రం ఎవరైనా గొణుక్కుంటే ఆ రోజు పాఠం బాగా జరిగిందనే అర్థం. డబ్బు కట్టే ముందు ఈ రెండింట్లో మీకేది కావాలో తేల్చుకోండి. రెండూ మంచివే. ఒకటి కొనుక్కుని ఇంకొకటి ఆశిస్తేనే గొడవ.

కోర్సులకు పెట్టే బిగినర్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అన్న పేర్లను మేం పెద్దగా నమ్మం. ఒక్క ప్రశ్న చాలు: ఈ కోర్సు అయ్యేసరికి ఏ పని గైడ్ చేతిలోంచి నా చేతికి వస్తుంది? తొలి మెట్టులో అవతలి మనిషి తాడు మీ చేతికొస్తుంది. తర్వాత ముందుండి ఎక్కడం, ఆ తర్వాత యాంకర్ (తాడుని రాతికి పట్టి ఉంచే కట్టు) కట్టడం, చివరికి వాతావరణం చూసి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం. దీనికి సూటిగా జవాబు చెప్పలేని కోర్సు విహారయాత్ర కిందే లెక్క.

గ్రేడ్ల గురించి రెండు మాటలు. ఫ్రెంచ్ పద్ధతిలో 6ఎ అంటే అమెరికా యోసెమిటీ పద్ధతిలో సుమారు 5.10ఎ. ఇవి ఒంటి కదలిక ఎంత కష్టమో చెబుతాయి, పడితే ఏమవుతుందో చెప్పవు. ఇండోర్ గోడ మీద 6బి ఎక్కే కుర్రాడికి బయట 4 గ్రేడ్ రాతి మీద యాంకర్ కట్టడం రాకపోవచ్చు. అతను చేరాల్సింది ఆ యాంకర్ నేర్పే కోర్సులోనే. ఆల్పైన్ దారులకు, అంటే రాయీ మంచూ కలిసిన ఎత్తైన కొండల దారులకు, సులువు నుంచి అతి కష్టం దాకా ఎఫ్, పీడీ, ఏడీ, డీ, టీడీ, ఈడీ అని వేరే కొలత ఉంది. దాంట్లో పొడవు, ప్రమాదం, దిగిరావడంలోని చిక్కు కూడా కలుస్తాయి. ఈ కొలతను ఇండోర్ గ్రేడ్‌తో పోల్చుకోకూడదు.

తొలి మెట్టు: టాప్ రోప్

తాడు పైన యాంకర్ గుండా వెళ్లి కిందికి వస్తుంది. ఒక కొస ఎక్కేవారికి, రెండో వైపు బిలేయర్‌కి, అంటే కింద నిలబడి తాడు పట్టేవారికి. హార్నెస్ నడుము పట్టీ తుంటి ఎముకల పైన కూర్చోవాలి. రెండు చేతులతో కిందికి లాగినా జారకూడదు. తాడు ముడి కాళ్ల పట్టీలను కలిపే చోటు నుంచి, నడుము పట్టీ దగ్గర నుంచి, రెండింటి గుండానూ వెళ్లాలి. తాడుని ఆపే బిలే పరికరం మాత్రం నడుము, కాళ్ల పట్టీలను కలిపే బిలే లూప్‌కి. పక్కన వేలాడే గేర్ లూప్‌లు సామాను తగిలించడానికే, మనిషి బరువుకు కాదు. కొత్తవాళ్లు వాటికి కారాబైనర్ (గేటున్న లోహపు కొక్కెం) పెట్టి తాడు తగిలించడం అరుదేమీ కాదు.

ముడి ఫిగర్ ఎయిట్. కొస నుంచి ఒక చేయి పొడవు వదిలి ఎనిమిది వేయాలి, హార్నెస్ గుండా పోనిచ్చి అదే దారిలో వెనక్కి నడిపించాలి. పూర్తయ్యాక చూస్తే ఐదు చోట్ల రెండేసి తాళ్లు పక్కపక్కనే కనబడాలి. మిగిలిన తోక తాడు మందానికి పది రెట్లు ఉండాలి, అంటే 10 మిల్లీమీటర్ల తాడుకి 10 సెంటీమీటర్లు. నాలుగు వైపులా ఒక్కొక్కటిగా లాగి బిగించాలి.

ఇంత సులువైన ముడి ఎలా తప్పుతుంది? చాలాసార్లు తప్పుగా వేయడం వల్ల కాదు, సగంలో ఆపేయడం వల్ల. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూక్స్‌లో లిన్ హిల్ తాడుని హార్నెస్ గుండా దూర్చి ముడి పూర్తి చేయకుండానే ఎక్కారు. పైకి చేరి తాడు మీద బరువు వేయగానే 20 మీటర్లకు పైగా కింద పడ్డారు. చెట్టు కొమ్మలు అడ్డుపడటంతో బతికారు. అప్పటికే ఆమె ప్రపంచస్థాయి క్లైంబర్. 1993లో అమెరికాలోని ఎల్ కాపిటాన్ అనే పెద్ద శిల మీది నోస్ దారిని మొదటిసారి ఫ్రీగా, అంటే తాడుని రక్షణకే తప్ప పైకి ఎక్కడానికి వాడకుండా, ఎక్కింది కూడా ఆమే. కాబట్టి ముడి వేసేవాళ్లతో ఎవరూ మాట్లాడకూడదన్న నియమం పెట్టే శిక్షకులు చాదస్తులేం కాదు. ఎక్కేముందు ఇద్దరూ ఒకరివొకరు చూసుకోవాలి: బకిళ్లు, ముడి, బిలే పరికరంలో తాడు దారి, కారాబైనర్ లాక్, తాడు చివర ముడి. కళ్లతో చూస్తే చాలదు, చేత్తో పట్టి లాగాలి.

బిలేలో చేతుల వరుస ఇది: ఎక్కేవారి వైపు తాడు లాగు, బ్రేక్ చేతిని (పరికరం దాటి వచ్చిన తాడు పట్టుకున్న చేతిని) కిందికి దించు, రెండో చేతిని బ్రేక్ చేయి కిందికి తెచ్చి తాడు పట్టు, అప్పుడు బ్రేక్ చేతిని పైకి జార్చు. బ్రేక్ చేయి ఏ క్షణంలోనూ తాడు వదలదు. గ్రిగ్రి లాంటి దానంతట పట్టుకునే పరికరం ఉన్నా ఇదే నియమం. గ్రిగ్రితో వచ్చే తప్పులు ముఖ్యంగా రెండు. తాడు తిరగేసి పెట్టడం ఒకటి. కిందికి దింపేటప్పుడు కంగారులో లీవర్‌ని పూర్తిగా లాగిపట్టడం రెండోది, భయపడిన చేయి వదలడం మాని ఇంకా బిగిస్తుంది కాబట్టి. మొదటిదానికి మందు: ఎక్కేవారు కదలకముందే వారి వైపు తాడుని ఒక్కసారి గట్టిగా గుంజి పరికరం పట్టిందో లేదో చూడటం. రెండోదానికి మందు సాధనే. దింపడాన్ని నేల నుంచి మీటరు ఎత్తులో పదేపదే చేయించని కోర్సు ఈ విషయంలో బద్ధకించినట్టే.

తాడు సాగుదల మీద కూడా లెక్క చెప్పించుకోండి. 80 కిలోల బరువు వేలాడదీస్తే సింగిల్ తాడు (ఒంటిగా వాడేది) 10 శాతానికి మించి సాగకూడదని తాళ్లకున్న యూరప్ ప్రమాణం ఈఎన్ 892 చెబుతుంది. 15 మీటర్ల గోడ మీద టాప్ రోప్ కడితే, ఎక్కేవారు నేల దగ్గరున్నప్పుడు వాడుకలో ఉన్న తాడు సుమారు 30 మీటర్లు. 8 శాతం సాగితే 2.4 మీటర్లు. పైన యాంకర్ దగ్గరి రాపిడి కొంత తగ్గిస్తుందనుకున్నా, మొదటి రెండు మూడు మీటర్లలో పడినవారు నేలను తాకుతారు. అందుకే మొదట్లో తాడు బిగుతుగా పట్టుకోవాలి.

రెండో మెట్టు: లీడ్

ఇక్కడ పైన తాడు ఉండదు. రాతిలో బిగించిన బోల్ట్ బోల్ట్‌కీ క్విక్‌డ్రా (రెండు కొసలా కారాబైనర్లున్న చిన్న పట్టీ) తగిలించి తాడు వేసుకుంటూ పోవాలి. పడితే చివరి క్లిప్ నుంచి మీరు ఎంత పైన ఉన్నారో దానికి రెండింతలు, దానిపైన వదులు, సాగుదల. ప్రమాదం ఎక్కువగా దాగి ఉండేది రెండు, మూడు బోల్ట్‌ల మధ్య.

రెండో బోల్ట్ 5 మీటర్ల దగ్గర, మూడోది 7.5 మీటర్ల దగ్గర ఉందనుకోండి. మీ నడుము 6.5 మీటర్ల ఎత్తులో ఉండగా చేయి చాపి, తాడు పైకి లాగి, మూడో బోల్ట్‌కి క్లిప్ చేయబోతూ జారారు. రెండో బోల్ట్ దాటిన తాడు అప్పుడు 3.5 మీటర్లు: 7.5 దాకా 2.5, మళ్లీ నడుముకి 1. నడుము 1.5 మీటర్ల ఎత్తుకు వచ్చి ఆగాలి. సాగుదల, బిలేయర్ దగ్గరి వదులు కలిపితే పాదాలు నేలకి కొడతాయి. అదే ఇంకో మీటరు ఎక్కి నడుము ఎదుట క్లిప్ చేస్తూ జారితే నడుము 2.5 మీటర్ల దగ్గర ఆగుతుంది. పడే దూరం రెండు సందర్భాల్లోనూ 5 మీటర్లే, కానీ ఆగే చోటు ఒక మీటరు పైన. చేతికి మంచి పట్టు దొరికే చోటు కింద ఉంటే అక్కడి నుంచే క్లిప్ చేయడం మేలన్న మినహాయింపు ఉంది. జారే అవకాశాన్నీ, జారితే ఆగే ఎత్తునీ కలిపి తూచాలి. ఈ లెక్కను నేల మీద సుద్దతో గీసి చూపించే శిక్షకులు దొరికితే వదలకండి.

ఇక తప్పుల చిట్టా. తాడు రాతి వైపు నుంచి బయటికి, అంటే మీ వైపుకి రావాలి. తిరగేసి క్లిప్ చేస్తే పడినప్పుడు తాడే గేటు తెరిచి బయటపడవచ్చు. కింది క్లిప్ కన్నా కిందున్న తాడు అందుకుని పై బోల్ట్‌కి తగిలిస్తే జడ్ ఆకారం వచ్చి అడుగు కదలనివ్వదు. తాడు కాలి వెనక ఉండగా పడితే తలకిందులవుతారు, హెల్మెట్ ఎందుకో అప్పుడు తెలుస్తుంది. కారాబైనర్ వెన్ను మీద అచ్చయిన అంకెలు చదవడం నేర్పాలి. సాధారణ రకానికి నిడుపున 20 కిలోన్యూటన్లు, అడ్డంగా 7, గేటు తెరిచి ఉంటే 7. ఒక కిలోన్యూటన్ దాదాపు 100 కిలోల బరువు. అడ్డం తిరిగిన కారాబైనర్ బలం మూడోవంతుకు పడిపోతుందన్న సంగతి ఆ అంకెల్లోనే ఉంది. పొడవైన స్లింగ్‌తో, అంటే కుట్టిన పట్టీ వలయంతో, చేసే క్విక్‌డ్రాలకు రబ్బరు బిగింపు వాడకూడదు. స్లింగ్ ఒక మెలిక పడితే కారాబైనర్ రబ్బరుని మాత్రమే పట్టుకుని ఉంటుంది, కంటికి మాత్రం అంతా సరిగ్గానే కనబడుతుంది.

లీడ్ కోర్సులో పడటం కూడా నేర్పాలి. నాలుగో ఐదో బోల్ట్ దాటాక, ముందు క్లిప్ నడుము దగ్గర, తర్వాత మోకాలి దగ్గర, తర్వాత పాదాల కింద. బిలేయర్ చిన్నగా ఎగిరి తాడుకి మెత్తదనం ఇవ్వడం కూడా అప్పుడే వస్తుంది. బిగబట్టి నిలబడితే పడినవారు లోలకంలా గోడకి కొట్టుకుంటారు, మడమలు విరిగేది అలాగే.

పైకి చేరాక యాంకర్ నుంచి క్విక్‌డ్రాలు తీసుకుని దిగే పని ఉంటుంది. ఎక్కేముందే నేల మీద మాట్లాడుకోండి: నన్ను దింపుతావా, నేనే తాడు మీద జారుతూ రాపెల్ చేసుకుని రావాలా? పైనున్నవారు తమని దింపుతారనుకుని వెనక్కి వాలడం, కిందున్నవారు పైవారే రాపెల్ చేస్తారనుకుని బిలే విప్పేయడం, ఇదే ఎన్నో ఘోర ప్రమాదాల మూలం. వీలున్నచోట పాటించాల్సిన పద్ధతి: స్లింగ్‌తో యాంకర్‌కి తగిలించుకుని, తాడుని మడిచి ఆ మడతను రింగుల గుండా లాగి, దాంతో ఎనిమిది ముడి వేసి లాకింగ్ కారాబైనర్‌తో బిలే లూప్‌కి తగిలించి, అప్పుడు పాత ముడి విప్పడం. ఇందులో ఏ దశలోనూ బిలే తీయాల్సిన పని లేదు, తాడు జారి కిందపడే ప్రసక్తీ లేదు. రింగు సన్నగా ఉండి మడత దూరకపోతే వేరే వరుస ఉంది, దాన్నీ నేల మీదే చేయించాలి.

తాడు చివరి ముడి సంగతి మళ్లీ చెబుతున్నాం. 60 మీటర్ల తాడు అంటే 30 మీటర్ల దారి. 32 మీటర్ల దారిలో దింపుతుంటే చివరి కొస బిలే పరికరంలోంచి జారిపోతుంది. పాత తాళ్లు కుంచించుకుపోతాయి కూడా, సంచి మీద రాసిన 60ని నమ్మకూడదు. ఒక ముడి ఖర్చు పది సెకన్లు.

మూడో మెట్టు: మల్టీ పిచ్, సొంత యాంకర్లు

ఒక తాడు పొడవుకు మించిన దారిని పిచ్‌లనే ముక్కలుగా ఎక్కడమే మల్టీ పిచ్. ఇక్కడి నుంచి ఒక శిక్షకుడికి ఇద్దరు విద్యార్థులకు మించకూడదు. టాప్ రోప్‌లో ఆరుగురున్నా నడుస్తుంది గానీ, వంద మీటర్ల ఎత్తులో ఇద్దరు కట్టిన యాంకర్లను చూడటమే ఒకరికి చాలినంత పని.

యాంకర్‌లో మొదటి పాఠం కోణం. రెండు బోల్ట్‌ల నుంచి వచ్చే స్లింగ్ కాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలైతే ఒక్కో బోల్ట్ మీద పడేది మొత్తం బరువులో 58 శాతం. 90 అయితే 71 శాతం. 120 అయితే ఒక్కోదాని మీదా పూర్తి బరువే, అంటే రెండు పెట్టిన లాభం పోయినట్టే. ఆ పైన ప్రతి బోల్ట్ మీదా అసలు బరువు కన్నా ఎక్కువ పడుతుంది. 60 లోపు ఉంచడం మంచి అలవాటు. పొడవైన స్లింగ్ వాడితే కోణం దానంతటదే తగ్గుతుంది. ఒక బోల్ట్ ఊడినా రెండోది కుదుపు లేకుండా పట్టేలా నడిమధ్య ముడి ఉండాలి.

డైనీమా అనే పీచుతో చేసిన స్లింగ్ సన్నగా, తేలిగ్గా, గట్టిగా ఉంటుంది కానీ సాగదు. దాంతో యాంకర్‌కి తగిలించుకుని, యాంకర్ కన్నా పైకి ఎక్కి నిలబడి జారితే పడేది మీటరే అయినా కుదుపు భయంకరంగా ఉంటుంది. తాడుతోనే యాంకర్‌కి కట్టుకోవడం మేలని మా అభిప్రాయం. తాడు సాగుతుంది, పొడవు సర్దుకోవచ్చు, అదనపు సామానూ అక్కర్లేదు.

ఫాల్ ఫ్యాక్టర్ అంటే పడిన దూరాన్ని వాడుకలో ఉన్న తాడు పొడవుతో భాగించడం. బిలే స్టాన్స్ (బిలేయర్ నిలబడిన చోటు) దాటి 3 మీటర్లు ఎక్కి, మధ్యలో ఏమీ పెట్టకుండా పడితే 6 మీటర్ల పతనం, 3 మీటర్ల తాడు, ఫ్యాక్టర్ 2. అంతకు మించింది మామూలు క్లైంబింగ్‌లో లేదు. తాళ్లను పరీక్షించేది సుమారు 1.77 దగ్గర, 80 కిలోల దిమ్మతో. సింగిల్ తాడు కనీసం ఐదు పతనాలు తట్టుకోవాలి, మొదటి పతనంలో కుదుపు 12 కిలోన్యూటన్లు దాటకూడదు. అందుకే స్టాన్స్ వదలగానే, రాయి ఎంత సులువుగా ఉన్నా, మొదటి రక్షణ పెట్టేయాలి.

పగుళ్లలో ఇరికించే లోహపు దిమ్మలు, అంటే నట్లు, స్ప్రింగుతో విచ్చుకునే కామ్‌లు పెట్టడం చదివితే వచ్చేది కాదు. నేల మీద నిలబడి ముప్ఫై నలభై పెట్టి, ప్రతిదాన్నీ స్లింగ్‌లో కాలు వేసి నిలబడి చూడాలి, గైడ్ మార్కులు వేయాలి. నట్‌కి కావాల్సింది కిందికి ఇరుకయ్యే పగులు. కామ్ సగానికి పైగా ముడుచుకుని ఉండాలి. పూర్తిగా ముడిచి దూరిస్తే మళ్లీ బయటికి రాదు, బాగా తెరుచుకుని ఉంటే పట్టు చాలదు. నునుపైన లేదా తడిసిన సున్నపురాతిలో కామ్‌ని తక్కువ నమ్మాలి. తాడు వంకరగా వెళ్లేచోట 60 సెంటీమీటర్ల స్లింగ్ జోడించకపోతే తాడు కదలికకు కామ్ తనంతట తాను లోపలికి నడిచిపోతుంది.

రాపెల్‌లో అలసట, చీకటి, తొందర ఒకచోట చేరతాయి. రెండు కొసలకూ విడివిడిగా ముడులు. పరికరాన్ని స్లింగ్‌తో ఛాతీ దగ్గరికి పొడిగించి, దాని కింద 5 లేక 6 మిల్లీమీటర్ల నైలాన్ ప్రూసిక్ (బరువు పడితే తాడుని పట్టేసే ముడి) బిలే లూప్‌కి. రెండు తాళ్లు కలపడానికి ఫ్లాట్ ఓవర్‌హ్యాండ్ ముడి, తోకలు కనీసం 30 సెంటీమీటర్లు. అదే చోట ఫ్లాట్ ఫిగర్ ఎయిట్ వేయకూడదు, అది దొర్లి తక్కువ బలానికే విడిపోగలదు. బరువంతా తాడు మీద వేసి, అన్నీ పట్టాయని చూసుకున్నాకే యాంకర్‌కి కట్టిన స్లింగ్ విప్పాలి.

మంచు, గ్లేసియర్

స్నో కోర్సుల్లో ఫొటోలకు బాగుండేది ఐస్ యాక్స్‌తో జారుడు ఆపడం. కింద నునుపుగా సాగిపోయే వాలు మీద, క్రాంపాన్లు (బూటు కింద కట్టే ముళ్ల చట్రాలు) లేకుండా నాలుగు భంగిమల్లో చేయిస్తారు: బోర్లా, వెల్లకిలా, తల కిందికి పెట్టి మళ్లీ ఆ రెండూ. యాక్స్ తల భుజం దగ్గర, కొన వ్యతిరేక తుంటి దగ్గర, ఛాతీ బరువంతా దాని మీద. క్రాంపాన్లు ఉన్నప్పుడు పాదాలు పైకెత్తాలి, లేకపోతే ముళ్లు మంచులో దిగి మనిషి పల్టీ కొడతాడు. ఇదంతా కావాల్సిందే. కానీ గట్టిపడ్డ మంచు మీద వేగం అందుకున్నాక ఆపడం దాదాపు కుదరదు. జారిన మొదటి సెకనులో ఆగాలి, అసలు జారకుండా నడవగలగాలి. అందుకని పాదం వేసే తీరు మీద సగం రోజైనా పెట్టని స్నో కోర్సు అసంపూర్తి. బూటు క్రాంపాన్‌కి సరిపోయిందా అన్నది పట్టీ కట్టకముందే తేలుతుంది: బిగించి, బూటుని ఎత్తి దులిపితే ఊడిపోకూడదు.

గ్లేసియర్ (హిమానీనదం) మీద ఇద్దరే ఉంటే మధ్య దూరం ఎక్కువ ఉంచి, తాడు మధ్యలో బటర్‌ఫ్లై ముడులు వేస్తారు. ఒకరు పగులులో పడితే ఆ ముడులు మంచు అంచులో ఇరుక్కుని రెండోవారి మీద భారం తగ్గిస్తాయి. ముగ్గురు నలుగురైతే 10 మీటర్ల దరిదాపు చాలు. తాడు నేల మీద ఈడ్చుకుపోకూడదు, చేతిలో చుట్టలుగానూ ఉండకూడదు. పగులుని దాని నిడుపుకి అడ్డంగా దాటాలి. సమాంతరంగా నడిస్తే జట్టంతా ఒకే పగులు మీద ఉన్నట్టు.

పడినవారిని లాగడానికి నేర్పేది 3:1 పుల్లీ వ్యవస్థ. కాగితం మీద లాగే బలానికి మూడు రెట్లు. పుల్లీలు లేక కారాబైనర్లతోనే కడితే రాపిడికి పోయి రెండు రెట్లు కూడా దక్కడం కష్టం, పైగా తాడు మంచు అంచులోకి కోసుకుపోయి ఉంటుంది. అంచు కింద బ్యాగో యాక్సో దూర్చి, దాన్ని జారకుండా కట్టి, ఆ తర్వాతే లాగాలి. చదునైన నేల మీద చూపించి వదిలేసే కోర్సులకూ, నిజమైన అంచు మీద మనిషిని వేలాడదీసి చేయించే కోర్సులకూ తేడా ఇక్కడ బయటపడుతుంది.

ఎత్తు విషయంలో బేరం లేదు. 3,000 మీటర్లు దాటాక నిద్రించే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి. తలనొప్పి, వికారం ఉంటే పైకి వెళ్లకూడదు. మడమకి బొటనవేలు ఆనించి తిన్నగా నడవలేకపోయినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా రాత్రి అని చూడకుండా కిందికి దిగాలి. కోర్సు తేదీల్లో ఈ లెక్క సరిపోతుందో లేదో మీరే కూడి చూసుకోవచ్చు.

ఆల్పైన్, చివరి మెట్టు

ఇక్కడ కొత్త ముడులు తక్కువ, సమయపాలన ఎక్కువ. నడక సమయానికి స్విస్ గైడ్ వెర్నర్ ముంటర్ పేరుతో ఉన్న సూత్రం వాడతారు: కిలోమీటర్లకు, ఎత్తు మీటర్లలో వందో వంతు కలిపి, ఎక్కుడికి నాలుగుతో భాగించాలి. 6 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు అంటే 15, నాలుగో వంతు 3 గంటల 45 నిమిషాలు. దీని మీద విరామాలు. వెనక్కి తిరిగే గంట ముందురోజే రాసుకోవాలి. హిమపాతం జారే వాలులు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్యవి కాబట్టి పటంలో వాలు కొలవడం, మంచు కింద చిక్కినవారిని వెతికే ట్రాన్సీవర్, ప్రోబ్ కడ్డీ, పార అందరికీ ఉండటం, వాటితో వెతకడం సాధన చేయించడం తప్పనిసరి.

గైడ్ యోగ్యత ఎలా చూడాలి? 1965లో ఏర్పడ్డ అంతర్జాతీయ గైడ్ల సమాఖ్య ఐఎఫ్‌ఎంజీఏ బ్యాడ్జ్ ఉంటే రాయి, ఆల్పైన్, స్కీ మూడింట్లోనూ ఏళ్ల శిక్షణ, పరీక్షలు అయినట్టు. టాప్ రోప్ కోర్సుకి అంత అక్కర్లేదు, సింగిల్ పిచ్ శిక్షకుడి సర్టిఫికెట్ చాలు. చూడాల్సింది ఆ సర్టిఫికెట్ ఏ చోటుకి చెల్లుతుందన్నది: సింగిల్ పిచ్ అర్హతతో గ్లేసియర్ మీదికి తీసుకెళ్లేవారి వెంట వెళ్లకండి. వాన పడితే ఏం చేస్తారని కూడా అడగండి. "రెస్క్యూ పాఠాలు ముందుకు జరుపుతాం" అనేది మంచి జవాబు, "వాన పడదులెండి" అనేది కాదు. తాళ్లు, హార్నెస్‌ల తయారీ సంవత్సరం చూపించమనండి. నైలాన్ సామానుని వాడకపోయినా పదేళ్లకు పక్కన పెట్టమని చాలా తయారీదారులే చెబుతారు.

మొదటి కోర్సుకి ముందు సొంతంగా కొనాల్సింది బూట్లు ఒక్కటే, అదీ వేళ్లు చివరికి ఆనాలి గానీ నొప్పి పుట్టకూడదు. హార్నెస్, హెల్మెట్ కోర్సులో వాడి చూశాక. తాడు లీడ్ కోర్సు అయ్యాక, 9.5 నుంచి 10 మిల్లీమీటర్ల మందంలో, నడిమి గుర్తు ఉన్నది. కామ్‌లు ఆఖరున.